ఆటపెట్టె కొంటున్నారా... అటక చూశారా?

పుట్టినరోజుకో, పదో తరగతి మార్కులకో, వేసవి సెలవులకో... ఏదో ఒక ముహూర్తం చూసుకుని పిల్లలు వీడియో గేమ్ పెట్టె కావాలని పేచీ మొదలుపెడతారు. ముందు తండ్రిని అడుగుతారు. ఆయన "మీ అమ్మనడుగు" అంటారు. మనం "పరీక్షలు కానివ్వండి చూద్దాం" అంటాం. చివరికి ఒక ఆదివారం అందరం కలిసి షాపుకి బయల్దేరతాం. ధరెంత, వారంటీ ఎన్నాళ్లు, వాయిదాల మీద ఇస్తారా, ఆటలేమైనా ఉచితంగా వస్తాయా... ఇవన్నీ అడుగుతాం. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరికీ గుర్తు రాదు. "బాబూ, ఇది నిండిపోతే ఏం చెయ్యాలి?"

పెట్టె నిండటమేమిటి, అదేమన్నా బియ్యం డ్రమ్మా అని నవ్వకండి. నిండుతుంది. అదీ మనం అనుకున్నదాని కంటే చాలా త్వరగా. మా ఇంట్లో నాలుగు నెలలకే నిండింది. "అమ్మా, జాగా లేదంటోంది. ఒక ఆట తీసేస్తే గాని ఇంకోటి పట్టదట" అన్నాడు మావాడు. తీసేయడానికి వాడు ఎంచుకున్నది వాళ్ల చెల్లెలి ఆట! ఇక ఇంట్లో కురుక్షేత్రం గురించి చెప్పనక్కర్లేదు కదా.

నేను కథలు రాసుకునే మనిషిని. డిగ్రీలో చదివింది కామర్స్. యంత్రాల లోపలి సంగతులు నా సబ్జెక్టు కాదు. కానీ ఈ విషయం కూపీ లాగుతుంటే, ఇది యంత్రాల సంగతి కంటే ఇంటి పద్దుల సంగతే ఎక్కువని తెలిసింది. అందుకే మీ అందరితో చెప్పాలనిపించింది.

మిక్సీ జారు, బల్బు హోల్డరు

మన వంటింట్లో మిక్సీ ఉంది. జారు పగిలిందనుకోండి, ఏ జారు పడితే ఆ జారు దాని మీద కూర్చోదు. ఆ కంపెనీ జారే, అందులోనూ ఆ మోడల్ జారే కావాలి. కుక్కరు రబ్బరూ అంతే. అదే హాల్లో బల్బు పోతే? సందు చివర కొట్టుకెళ్లి ఏ కంపెనీ బల్బు తెచ్చి పెట్టినా వెలుగుతుంది. హోల్డరు కొలత అందరిదీ ఒకటే కనుక, నాలుగు కంపెనీల ధరలు చూసి మనకు నచ్చింది తెచ్చుకుంటాం.

ఆటపెట్టెల్లో కూడా ఈ రెండు రకాలూ ఉన్నాయి. లోపలి జాగా చాలనప్పుడు అదనంగా తగిలించుకునే కార్డో డిస్కో కొన్ని పెట్టెలకు ఆ కంపెనీ చెప్పిందే కావాలి. దాన్ని మనం 'కంపెనీ కార్డు' అనుకుందాం. ఇంకొన్ని పెట్టెలకు ఫోనుల్లోనో కంప్యూటర్లలోనో వాడే మామూలు సరుకే సరిపోతుంది. దాన్ని 'బజారు కార్డు' అందాం. పెట్టె పైన ఎన్ని రంగుల బొమ్మలున్నా, మూడేళ్లలో మన చేతి నుంచి ఎంత డబ్బు పోతుందో తేల్చడంలో ఈ తేడాకు పెద్ద వాటాయే ఉంటుంది.

ఆటలు ఎందుకింత బరువెక్కాయి?

మా చిన్నప్పుడు టీవీ గేమ్ అని ఒకటుండేది. పసుపు రంగు క్యాసెట్ గుచ్చి ఆడేవాళ్లం. దాని మీద వేల ఆటలని రాసి ఉండేది, తీరా చూస్తే అవే పది ఆటలు తిరిగి తిరిగి వచ్చేవి. ఎంత దూరం ఆడినా కరెంటు పోయిందంటే మళ్లీ మొదటికే. దాచుకోవడమన్న మాటే లేదు.

దాచుకునే వసతిని ఇంటింటికీ తెచ్చినవాటిలో 1994 డిసెంబరులో జపాన్‌లో విడుదలైన సోనీ ప్లేస్టేషన్ ఒకటి. ఆట డిస్కులో ఉండేది. ఎంతవరకు ఆడామన్న గుర్తు మాత్రం చిన్న మెమరీ కార్డులో పడేది. ఆ కార్డు ఎంతో తెలుసా? 128 కేబీ. దాన్ని 15 గదులుగా విడదీశారు. ఇవాళ మన ఫోనులో తీసే ఫొటో ఒక్కటి కూడా అందులో పట్టదు! అప్పుడు దాచేది గుర్తు మాత్రమే కనుక అది చాలింది. 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2 కార్డు 8 ఎంబీ. అంటే రెండు మూడు ఫొటోలు. అదే కాలంలో నింటెండో 64 అనే పెట్టెకు వచ్చిన కార్డు 32 కేబీ. అందులో చేతి గడియారానికి వేసేలాంటి చిన్న బ్యాటరీ ఉండేది. అది అయిపోతే దాచుకున్నదంతా ఆవిరి!

ఇవన్నీ కంపెనీ కార్డులే. అప్పట్లో ఆ తేడా అంతగా బాధించలేదు. ఒక కార్డు కొంటే ఏళ్ల తరబడి వచ్చేది.

తర్వాత పద్ధతి మారింది. ఇప్పుడు డిస్కు కొన్నా సరే, ఆట మొత్తం పెట్టెలోకి ఎక్కించుకోవాల్సిందే. చాలామంది డిస్కు లేకుండా ఇంటర్నెట్ నుంచే దించుకుంటున్నారు. 2018లో వచ్చిన 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' ఆటను ప్లేస్టేషన్ 4కి రెండు డిస్కుల్లో ఇచ్చారు. ఒకటి ఎక్కించుకోవడానికి, ఇంకోటి ఆడుకోవడానికి! పెట్టెలో అది ఆక్రమించే చోటు దాదాపు 100 జీబీ. ఇప్పుడు 100 జీబీ ఆట అంటే వింతేమీ కాదు.

పోనీ పెట్టె మీద రాసినంతా మనకు దక్కుతుందా అంటే అదీ లేదు. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5కి 825 జీబీ అన్నారు. ఆటలకు మిగిలేది 667 జీబీ. అదే ఏడాది వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కి 512 అన్నారు. మిగిలేది సుమారు 364. పెద్ద ఆటలు మూడు ఎక్కించి నాలుగోది ఎక్కించేసరికి గది నిండినట్టే. ముందుంది ముసళ్ల పండగ!

చవకైన ఏనుగు, ఖరీదైన అంకుశం

ఏనుగునిచ్చినవాడు అంకుశం ఇవ్వడా అని మన పెద్దవాళ్లు అంటారు. ఈ వ్యాపారంలో ఆ సామెత తలకిందులైంది. ఏనుగును చవగ్గా ఇస్తారు. అంకుశం దగ్గర రాబట్టుకుంటారు.

ఇది నా ఊహ కాదండీ. 2021లో అమెరికాలో ఎపిక్, ఆపిల్ కంపెనీల మధ్య నడిచిన కేసులో మైక్రోసాఫ్ట్ అధికారి ఒకరు కోర్టులోనే చెప్పారు, ఎక్స్‌బాక్స్ పెట్టెల మీద తమకు లాభం ఎన్నడూ రాలేదని. ప్లేస్టేషన్ 5 మొదట నష్టానికే అమ్మారు. డిస్కు మోడల్ నష్టం లోంచి బయటపడిందని సోనీ చెప్పింది 2021 ఆగస్టులో. మరి వీళ్లు బతికేదెట్లా? ఆటల మీద, నెలవారీ చందాల మీద, చేతి రిమోట్లు, కార్డుల వంటి కొసర్ల మీద. అసలు కంటే వడ్డీ ముద్దు అన్నట్టన్నమాట.

2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 కథ చూడండి. అందులో చవక మోడల్ 299.99 డాలర్లు. దానికి హార్డ్ డిస్కే లేదు. ఆటను దాచుకోవాలంటే 39.99 డాలర్లు పెట్టి 64 ఎంబీ కంపెనీ కార్డు కొనాలి. లేదా 99.99 డాలర్లు పెట్టి 20 జీబీ డిస్కు కొనాలి. 2007లో 120 జీబీ డిస్కు తెచ్చారు, ధర 179.99 డాలర్లు. ఆ ప్లాస్టిక్ డొప్ప విప్పి చూస్తే లోపలున్నది మామూలు ల్యాప్‌టాప్ డిస్కే! బజార్లో అదే సైజుది అంతకంటే బాగా చవక. తేడా అంతా ఆ డొప్పది, దాని లోపలి తాళానిది.

డాటెల్ అనే బ్రిటిష్ కంపెనీ ఫోను కార్డు పెట్టుకునే వీలున్న మెమరీ కార్డొకటి తయారుచేసి ఎక్స్‌బాక్స్ 360కి అమ్మింది. 2009లో మైక్రోసాఫ్ట్ తన ఆమోదం లేని కార్డులు పనిచేయకుండా పెట్టెల సాఫ్ట్‌వేర్ మార్చేసింది. అప్పటిదాకా బాగా నడిచిన కార్డు ఒక్కసారిగా పనికిరానిదైంది. డాటెల్ ఆ నవంబరులోనే కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టుకెక్కింది. 2010 ఏప్రిల్లో మైక్రోసాఫ్టే ఇంకో తలుపు తెరిచింది. మామూలు యూఎస్‌బీ పెన్‌డ్రైవ్ 16 జీబీ దాకా, రెండింటిని పెట్టుకోవచ్చంది. ఇన్నేళ్లూ కుదరనిది ఒక్క సాఫ్ట్‌వేర్ మార్పుతో కుదిరింది చూశారా! తలుపు మూయడం, తెరవడం చాలాసార్లు యంత్రం చేతిలో ఉండదు, అమ్మేవాడి చేతిలో ఉంటుంది.

దిక్కులేని కార్డు

ఇంకో కథ ప్లేస్టేషన్ వీటాది. చేతిలో పట్టుకుని ఆడే చక్కటి యంత్రం. జపాన్‌లో 2011 డిసెంబరులో, అమెరికాలో 2012 ఫిబ్రవరిలో వచ్చింది. మొదటి మోడల్లో మనం వాడుకునే జాగా లేదు. చాలా ఆటలకు కార్డు తప్పనిసరి. ఆ కార్డు ఫోనుల్లో వాడేది కాదు. సోనీ దానికోసమే చేసిన ప్రత్యేకమైన కార్డు. 4 జీబీ 19.99 డాలర్లు, 32 జీబీ 99.99 డాలర్లు. యంత్రం ధరేమో 249.99. అంటే యంత్రంలో అయిదింట రెండొంతుల ధర ఒక్క కార్డుకే! అంతే సైజు ఫోను కార్డు అప్పుడు అందులో సగానికంటే తక్కువకే దొరికేది. 2013లో కార్డుల ధరలు తగ్గించారు గాని, అప్పటికే కొనేవాళ్ల మనసు విరిగింది. వీటా ఓడిపోవడానికి చెప్పే కారణాల్లో ఈ కార్డు ధర ఇప్పటికీ ఒకటి.

2019లో వీటా తయారీ ఆగిపోయింది. యంత్రాలు ఇంకా బతికే ఉన్నాయి. వాటిలో పెట్టే కార్డు చేసే నాథుడే లేడు. పాడైతే పాత కార్డు ఎవరి దగ్గరైనా దొరుకుతుందేమో అని వెతుక్కోవాలి. అభిమానులు కొందరు ఫోను కార్డు పట్టేలా చిన్న తొడుగు కనిపెట్టారు. దాన్ని వాడాలంటే యంత్రం సాఫ్ట్‌వేర్‌ను కంపెనీ అనుమతి లేకుండా మార్చాలి. అది అందరూ చేసే పని కాదు.

కంపెనీ కార్డుతో ఉన్న అసలు చిక్కు ఇక్కడ బయటపడుతుంది. ధర ఒక్కటే అయితే పళ్లు బిగించి ఒకసారి కట్టేస్తాం. ఆ కంపెనీ వదిలేసిన రోజున మన వస్తువు అనాథ కావడమే పెద్ద కష్టం.

పేరు చూసి నమ్మకండి

అయితే సోనీ చెడ్డది, మైక్రోసాఫ్ట్ చెడ్డది అనుకుందామా? అక్కడే ఉంది తమాషా. ఇదే సోనీ 2006లో ప్లేస్టేషన్ 3 తెచ్చినప్పుడు, లోపలి డిస్కు తీసేసి ఏ కంపెనీ ల్యాప్‌టాప్ డిస్కైనా పెట్టుకోమంది. 2013 నాటి ప్లేస్టేషన్ 4లోనూ అంతే. మధ్యలో వచ్చిన వీటాకు మాత్రం తాళం వేసింది. మైక్రోసాఫ్టేమో 360కి తాళం వేసింది, తర్వాతి ఎక్స్‌బాక్స్ వన్‌కి 2014 నుంచి మామూలు యూఎస్‌బీ డిస్కులు అనుమతించింది, 2020లో మళ్లీ కంపెనీ కార్డు దారి పట్టింది. నింటెండో 2001లో గేమ్‌క్యూబ్‌కి సొంత కార్డు పెట్టింది, 2006లో వీకి బజార్లో దొరికే ఎస్‌డీ కార్డు చాలంది.

కాబట్టి మా ఇంట్లో ముందునుంచీ ఆ కంపెనీయే వాడుతున్నాం అన్న ధీమా ఇక్కడ పనిచేయదు. ప్రతి పెట్టెకీ దాని తలుపు దానిదే. కొనే ప్రతిసారీ కొత్తగా చూడాల్సిందే.

ఇప్పటి మూడు పెట్టెలు

ప్లేస్టేషన్ 5 మన దేశంలోకి 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయలకు వచ్చింది. డిస్కు లేనిది 39,990. పక్క పలక తీస్తే లోపల ఖాళీ గది ఒకటి ఉంటుంది. అందులో కంప్యూటర్లకు వాడే ఎం.2 ఎస్ఎస్‌డీ బిగించుకోవచ్చు. ఎస్ఎస్‌డీ అంటే తిరిగే చక్రాలు లేని వేగమైన డిస్కు. ఆ గది ఉన్నా మొదట్లో పనిచేసేది కాదు. 2021 సెప్టెంబరులో సాఫ్ట్‌వేర్ ద్వారా దాన్ని తెరిచారు. మొదట 4 టీబీ దాకా, 2023 నుంచి 8 టీబీ దాకా. ఏ కంపెనీదైనా ఫరవాలేదు గాని షరతులున్నాయి. నాలుగో తరం రకమై ఉండాలి. సెకనుకు 5,500 ఎంబీ చదివే వేగం ఉండాలని సోనీ సూచన. వేడి లాగేసే లోహపు పలక తప్పనిసరి. అది లేనిది చవకని తెస్తే పలక విడిగా కొనాలి.

ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్ 2020 నవంబరు 10న వచ్చాయి. వీటికి వెనకవైపు చిన్న గాడి ఉంటుంది. కార్డు అందులో గుచ్చితే పని అయిపోయినట్టే. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. కానీ అది కంపెనీ కార్డు. మొదట్లో సీగేట్ ఒక్కటే తయారుచేసేది. 1 టీబీ కార్డు 219.99 డాలర్లు. సిరీస్ ఎస్ పెట్టె ధరే 299.99! అంటే అటక ఖర్చు ఇంటి ఖర్చులో ముప్పావు వంతుకు దగ్గరన్నమాట. 2023లో వెస్ట్రన్ డిజిటల్ అనే రెండో కంపెనీకి కూడా అనుమతి వచ్చింది. అది అదే 1 టీబీ కార్డును 149.99 డాలర్లకు పెట్టింది. సీగేట్ కూడా ధర దించక తప్పలేదు. రైతుబజారులో ఎదురుగా ఇంకో కొట్టు పెడితే వంకాయల ధర దిగినట్టే!

నింటెండో స్విచ్ 2017లో వచ్చింది. లోపల 32 జీబీయే గాని ఫోనుల్లో వాడే మైక్రోఎస్‌డీ కార్డు హాయిగా పడుతుంది. 2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2లో లోపలి జాగా 256 జీబీకి పెరిగింది. దానికి మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే కొత్తరకం కార్డే కావాలి. చూడటానికి అదే గోరంత కార్డు. పాత కార్డు గాడిలో పడుతుంది కూడా. దాంట్లోని ఫొటోలు, వీడియోలు తెచ్చుకోవచ్చు తప్ప ఆటలు దాచడానికి కుదరదు. ఈ కొత్తరకం ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఎవరైనా చేయొచ్చు. కొత్తది గనుక పాతదాని కంటే ధర ఎక్కువ. బజారు కార్డు అనగానే ఇంట్లో ఉన్నది పనికొస్తుందని అనుకోకూడదని చెప్పడానికే ఇంత వివరంగా రాశాను.

ఇక యూఎస్‌బీ డిస్కు సంగతి. అచ్చంగా అటక లాంటిది. ప్లేస్టేషన్ 5లో గానీ సిరీస్ ఎక్స్, ఎస్‌లలో గానీ మామూలు యూఎస్‌బీ డిస్కు తగిలించి కొత్త ఆటలు దాని మీద దాచుకోవచ్చు. ఆడాలంటే కిందికి దించాలి. అంటే పెట్టెలోకి తిరిగి ఎక్కించుకోవాలి. సంక్రాంతి ఇత్తడి గిన్నెల్లా అన్నమాట! పాత తరం ఆటలైతే చాలావరకు దాని మీద నుంచే ఆడుకోవచ్చు. ఇంట్లో పాత ఆటలు ఎక్కువుంటే ఖరీదైన కార్డు జోలికి పోకుండా ఈ అటకే చాలు. మా ఇంట్లో అన్నాచెల్లెళ్ల కురుక్షేత్రం ఇలాగే ముగిసింది.

మరి కంపెనీ కార్డు దండగేనా?

ఇదే మాట హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మరిదితో అన్నాను. "తొందరపడకు వదినా" అన్నాడు. "ఇప్పటి ఆటలు డిస్కు వేగం మీద ఆధారపడి రాస్తున్నారు. నెమ్మది డిస్కు పెడితే ఆట తడబడుతుంది. కంపెనీ కార్డయితే వేగం ఖాయం. గుచ్చడమే. తప్పుడు సరుకు కొనే భయం లేదు. ఆ నిశ్చింతకు కొంత ధర కట్టొచ్చు."

"కొంత అంటే ఎంతయ్యా?" అన్నాను.

"అదీ... అది నువ్వే తేల్చుకోవాలి" అని నవ్వేశాడు.

అతని మాటలో నిజం లేకపోలేదు. మా పై వాటా ఆవిడ వాళ్లబ్బాయి చేతి ఆటయంత్రానికి స్టేషన్ దగ్గర ఓ చిన్న కొట్లో 1 టీబీ కార్డు కొన్నారు. ఆరువందలకే! యంత్రంలో పెట్టగానే 1 టీబీ అనే చూపించింది. రెండు ఆటలు బాగానే ఎక్కాయి. మూడోది ఎక్కించేసరికి మొదటిది పాడైంది. తీరా తేలిందేమిటంటే అది చిన్న కార్డే. పెద్దదానినని యంత్రానికి అబద్ధం చెప్పేలా చేశారు. అసలు జాగా నిండాక మీద పడేదంతా గాలికే. "కొట్టువాడు బిల్లు కూడా ఇవ్వలేదండీ" అని ఆవిడ వాపోయారు.

తాళం లేని తలుపులోంచి చుట్టాలూ వస్తారు, దొంగలూ వస్తారు. బజారు కార్డుల్లో ఎంపిక ఉంటుంది, పోటీ ఉంటుంది, ధర దిగుతుంది. వాటితో పాటు నకిలీలూ ఉంటాయి. తెలిసిన కంపెనీది, నమ్మకమైన చోట, బిల్లుతో కొనాలి. కొన్న వారంలోనే కంప్యూటరుకు పెట్టి కార్డంతా నింపి పరీక్షించే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. ఇంట్లో తెలిసిన పిల్లలుంటే గంటలో చూసిపెడతారు, పెద్ద కార్డయితే రాత్రంతా పట్టొచ్చు. ఆ కాస్త శ్రమ ఓర్చుకోగలిగితే బజారు కార్డు దారే మేలని నా అభిప్రాయం. ఓపిక లేనివాళ్లు కంపెనీ కార్డు ధర ముందే తెలుసుకుని, దాన్ని పెట్టె ధరలో కలిపి చూసుకుని కొనాలి.

డబ్బు పెట్టినా దొరకనిది

ఇంతవరకు చెప్పింది ఆటల సంగతి. ఆట పోతే మళ్లీ దించుకోవచ్చు. కొన్నది మన ఖాతాలో ఉంటుంది. కానీ ఆడి ఆడి పెంచుకున్నది? దాన్ని 'సేవ్' అంటారు పిల్లలు. పుస్తకం మళ్లీ తెచ్చుకోవచ్చు, అంచుల మీద మనం రాసుకున్న మాటలు మళ్లీ తెచ్చుకోలేం కదా.

మా చెల్లెలి కూతురికి పదకొండేళ్లు. పొలం వేసి, ఊరు కట్టి, పశువుల్ని పెంచే ఆట ఒకటి మూడేళ్లు ఆడింది. సగం ఆట మా నాన్నగారిదే. ఆయన తెనాలి దగ్గర నిజంగా వ్యవసాయం చేసిన మనిషి. చెల్లెలి ఇంట్లో ఉన్న రోజుల్లో మనవరాలి పక్కన కూర్చుని "ఇప్పుడు ఆ గట్టున వెయ్యవే, నీళ్లు దగ్గర" అని చెబుతుండేవారు. ఆటలో ఆవుకి మా ఊళ్లో ఒకప్పుడున్న ఆవు పేరే పెట్టించారు. నాన్న పోయి రెండేళ్లయింది. ఆ పిల్ల ఆ పొలాన్ని అలాగే ఉంచుకుంది. అప్పుడప్పుడు తెరిచి చూసుకునేది.

మొన్న ఆ పెట్టె పాడైంది. రిపేరులో లోపలి బోర్డు మార్చారు. ఆట తిరిగి వచ్చింది. పొలం రాలేదు. "పెద్ద కార్డు కొని పెట్టాం కదక్కా, అందులో ఉండదా?" అని చెల్లెలు ఫోన్లో అడిగింది. ఆ కార్డులో ఉన్నది ఆట మాత్రమే. సేవ్ పెట్టె పొట్టలో ఉండేది. పెట్టె పేరు ఇక్కడ అనవసరం. ఎవరి తప్పూ లేదు. ఇలా జరుగుతుందని కొనేటప్పుడు చెప్పినవాళ్లు లేరు, అంతే.

అందుకని ఇది గుర్తుపెట్టుకోండి. అదనపు కార్డు కొన్నంత మాత్రాన సేవ్ అందులోకి వెళ్లదు. స్విచ్‌లో సేవ్‌లు యంత్రం లోపలే ఉంటాయి, కార్డులోకి రావు. ప్లేస్టేషన్ 5 ఆటల సేవ్‌లను పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తుకోనివ్వరు. వాటికి ఇంటర్నెట్‌లో నకలు ఉండాలంటే చందా కట్టాలి. స్విచ్‌కీ చందాయే, అదీ అన్ని ఆటలకూ వర్తించదు. ఎక్స్‌బాక్స్‌లో మాత్రం ఖాతాతో పాటు ఈ నకలు ఉచితంగా వస్తుంది. కార్డు దగ్గర తాళం వేసిన పెట్టె సేవ్ దగ్గర ఉదారంగా ఉంది. కార్డు దగ్గర తలుపు తెరిచిన పెట్టె సేవ్ దగ్గర తాళం వేసింది. తెరిచిన తలుపు, మూసిన తలుపు అన్న లెక్క కార్డు దగ్గరే ఆగకూడదని నాకు అర్థమైంది ఇక్కడే.

యూరప్ దేశాలు 2022లో ఒక చట్టం చేశాయి. 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ అమ్మే ఫోనులు, కెమెరాలు, చేతి ఆటయంత్రాలు అన్నిటికీ ఒకటే రకం ఛార్జరు పిన్ను ఉండాలి. ఆ చట్టం ఛార్జరు వరకే. కార్డుల దగ్గరికి రాలేదు. అయినా ఇంటికొక డ్రాయరు నిండా పనికిరాని ఛార్జర్లు దాచుకున్న మనలాంటివాళ్ల బాధ ఎక్కడో ఒకచోట చట్టం దాకా వెళ్లిందంటే తృప్తిగానే ఉంది.

షాపులో అడగవలసినవి

ఈ కాగితం ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకోండి.

1. పెట్టె మీద రాసిన జాగాలో ఆటలకు నిజంగా మిగిలేది ఎంత?

2. మా పిల్లలు ఆడే ఆటలు ఒక్కొక్కటి ఎన్ని జీబీ? (ముందు పిల్లల చేత జాబితా రాయించుకుని కూడితే సరి.)

3. అదనంగా పెట్టేది కంపెనీ కార్డా, బజారు కార్డా? కంపెనీదైతే ఎంతమంది తయారుచేస్తున్నారు?

4. ఆ కార్డు ఇవాళ్టి ధరెంత? పెట్టె ధరకు దాన్ని కలిపితే మొత్తమెంత?

5. బజారు కార్డయితే ఏ రకం, ఎంత వేగం, వేడి లాగే పలక కావాలా? షాపువాళ్ల చేత కాగితం మీద రాయించుకోండి.

6. యూఎస్‌బీ డిస్కు పెడితే దాని మీద నుంచి ఆడొచ్చా, దాచుకోవడానికేనా?

7. సేవ్‌లు ఎక్కడ ఉంటాయి? పెట్టె పాడైతే వాటికి నకలు ఉంటుందా? దానికి ఏడాదికి ఎంత కట్టాలి?

8. పెట్టె తెరిచి డిస్కు బిగిస్తే వారంటీ ఉంటుందా?

ఇన్ని అడిగితే షాపతను విసుక్కోవచ్చు. "మేడమ్, సార్‌ని పిలవండి, చెబుతాను" అనొచ్చు కూడా. నాకు ఆ అనుభవం ఉంది. "సార్ బండి పార్క్ చేస్తున్నారు. డబ్బు కట్టేది నేను. నాకు చెప్పండి" అన్నాను. చెప్పాడు! ఏడో ప్రశ్నకు మాత్రం జవాబు తెలియక లోపలికెళ్లి కనుక్కుని వచ్చాడు. తర్వాత వచ్చే తల్లికి అతను తడుముకోకుండా చెబుతాడు కదా, అది కూడా లాభమే.